గోడ మీది చివరి వరుస

హనుమక్కకు నాజిల్ గొంతు తెలుసు.

ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఆ నాజిల్‌ను బిగించి, చేతిపంపు పిడిని మెల్లగా కిందికి నొక్కుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి చూపే ముల్లు చేరవలసిన చోటికి చేరేసరికి నాజిల్ కూస్తుంది. మంచిదైతే గువ్వలా గుర్రుమంటుంది. దాని మూతి నుంచి డీజిల్ సన్నటి పొగమంచులా విచ్చుకుంటుంది. చెడిపోయినదైతే కూయదు, ఉమ్ముతుంది. ఆ ఉమ్మిన చుక్కను హనుమక్క వేలితో తుడిచి, నాజిల్‌ను ఎడమ పక్కన పెడుతుంది. కుడి పక్కవి బాగున్నవి. సాయంత్రానికి రెండు కుప్పలు అవుతాయి. పాతికేళ్లుగా ఇదే పని.

దుకాణం పావగడ బస్టాండు వెనక ఉంది. ఒక పక్క టైర్ల అంగడి, ఇంకో పక్క వెల్డింగు షెడ్డు, మధ్యలో రేకుల కప్పు. బోర్డు మీద ఇప్పటికీ ఆదినారాయణప్ప పేరే. బోర్డు మార్చమని ఎవరైనా అంటే, "యాల? నా పేరు తెలియనోళ్లు ఎవరుండారు ఈ తాలూకాలో?" అంటుంది. అది నిజమే.

ఆమె మంగళవాడలో పుట్టింది. తండ్రి ఆదెప్ప గొర్రెల మంద కాచేవాడు. ఎస్సెస్సెల్సీ అయ్యాక పావగడలో పని ఉందని తెలిసి, పంతొమ్మిదేళ్ల వయసులో ఈ అంగట్లో చేరింది. పని అంటే విడి భాగాలను కిరసనాయిల్లో కడగడం. ఆదినారాయణప్ప బెంగళూరులో విదేశీ కార్ల గ్యారేజీలో పదేళ్లు చేసి వచ్చిన మేస్త్రి. తన పని ఎవరికీ నేర్పేవాడు కాడు. ఒకరోజు ఆయన ఆరు నాజిళ్లు వరసగా పరీక్ష చేస్తుంటే, అటు తిరిగి కూర్చుని కడుగుతున్న హనుమక్క, "మూడోది బాగలేదు మేస్త్రీ" అంది.

ఆయన పిడి వదిలేశాడు. "నువ్వు చూడనే లేదే. ఎట్ల తెలిసింది?"

"కూయలేదు కదా."

"కూయకపోతే?"

"మా నాయన మందలో జబ్బు చేసిన గొర్రె అరుపు వేరేగా ఉంటాది. అట్లనే ఇది."

ఆ మర్నాడు ఆయన ఆమె చేతిలోంచి కిరసనాయిలు బ్రష్షు తీసుకుని, పంపు పిడి చేతికిచ్చాడు.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. హిందూపురంలో కూతురు దగ్గర ఉంటాడు. ఇరవై ఏళ్ల కిందటే దుకాణం, పంపులు పరీక్షించే బెంచి, బోర్డు, గోడ హనుమక్కకు వదిలి వెళ్లాడు.

గోడ గురించి కాస్త చెప్పాలి. లోపలి గోడ మీద నల్ల పెయింటుతో నిలువెత్తు పట్టీ ఒకటి ఉంది. అంగుళానికి ఎన్ని మిల్లీమీటర్లు, గ్యాలనుకు ఎన్ని లీటర్లు, కిలో ఒత్తిడికి ఎన్ని పౌండ్లు. బెంగళూరులో నేర్చుకున్నదంతా ఆదినారాయణప్ప బ్రష్షుతో ఆ గోడ మీద దించాడు. ఫోనులు వచ్చాక కూడా తాలూకాలోని మెకానిక్కులు లెక్క తేలకపోతే ఈ గోడ ముందుకు వచ్చి నిలబడేవారు. "గోడ చెప్పిందా?" అంటే చర్చ అయిపోయినట్టే.

పట్టీలో అన్నిటికంటే కింద, నడుము ఎత్తులో, ఒక వరుస ఉంది. నాజిల్ గంటకు ఒక పౌండు పోస్తే, నిమిషానికి పదిన్నర సిసి, అంటే మిల్లీలీటర్లు. ఆ వరుసతో ఎవరికీ పని పడేది కాదు. ఇక్కడి ట్రాక్టర్లు, బోరు లారీలు అన్నీ సిసిల్లోనే మాట్లాడతాయి.

ప్రతి ఏడూ ఆయుధపూజకు హనుమక్క దుకాణాన్నంతా కడిగి, బెంచికి, పంపులకు, పానాలకు విభూతి రేఖలు దిద్ది, బొట్లు పెడుతుంది. గోడకు కూడా పెడుతుంది. అక్షరాల మీద పెడితే చెడిపోతాయని, పట్టీ కింద, చివరి వరుసకు దిగువన, గంధం పూసి వరసగా అయిదు కుంకుమ బొట్లు. ఏటా పాతవాటి మీదే కొత్తవి. గోడ మీది బొట్లను చెరపడం ఆమెకు మనసొప్పదు. ఇరవై ఏళ్లకు అక్కడ ఎర్రటి గట్టు ఒకటి తేలింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అది ఆమె సీలు. ఇంజనుకు నూనె అందించే పంపు కొలత సరిచేశాక, దాని స్క్రూ రంధ్రంలోంచి సన్నటి తీగ దూర్చి, తీగ కొనలకు సీసపు గుండు ఎక్కించి, ప్రత్యేకమైన పటకారుతో నొక్కుతుంది. గుండు మీద 'హ' అనే అక్షరం పడుతుంది. ఆ స్క్రూ తిప్పాలంటే తీగ తెంపాలి. పాతికేళ్లలో ఆమె సీలును ఇంకో దుకాణంవాళ్లు తెంపవలసిన పని పడలేదు. ఆమె మామూలుగా గొప్పలు చెప్పుకోదు, ఈ ఒక్కటి తప్ప.

జూన్ నెలలో ఒకనాడు వల్లూరు భరత్‌కుమార్ ఒక విచిత్రమైన బండిని తోలుకొచ్చాడు.

భరత్‌కుమార్‌కు ముప్పై నాలుగేళ్లు. వాళ్ల శెనక్కాయల చేను ఇప్పుడు సోలార్ పార్కులో ఉంది. చేను పార్కుకు పోయినా తాను మాత్రం చేను వదల్లేదు. ఆ ప్యానెళ్లను కడిగే పనిలో చేరాడు. "మా నాయన ఈ చేన్లో కలుపు తీసినాడు, నేను దుమ్ము తీస్తా" అంటాడు అందరితో. ట్రాక్టరు మీద నుంచి బ్రష్షుతో కడిగే బళ్లు పార్కులో అప్పటికి పది ఉన్నాయి. పదీ హనుమక్క సీలు వేసినవే. పదకొండోది ఇతను నడిపేది. బెంగళూరు వేలంలో కొన్న అమెరికా బండి. లావుపాటి టైర్లు, పక్కకు చాచే పొడుగాటి ఇనుప చెయ్యి, దాని చివర గిరగిరా తిరిగే బ్రష్షు.

"ఏందప్పా ఇది? కొంగ మాదిరి ఉండాది" అంది హనుమక్క.

"కొంగనే అక్కా. రెండు వరసలు ఒకే తూరి కడుగుతాది. కానీ పంపు అలిసిపోయింది. గసపెడతా ఉండాది. నువ్వే చూడాల."

"పుస్తకం ఉండాదా?"

నూనె మరకల పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని అంకెలున్న పేజీ వెతికింది. పూర్తి బరువు లాగేటప్పుడు ఇంజను గంటకు ఇరవై పౌండ్ల ఇంధనం తాగుతుందని ఉంది. సిసి మాటే లేదు.

"పౌండ్లంట" అంది. "అమెరికావాళ్లు నూనెని తూకమేసి పోస్తారేమో."

"గోడ ఏం చెబుతాదక్కా?"

ఇద్దరూ గోడ ముందుకు వచ్చి నడుములు వంచారు. చివరి వరుసకు మొదటిసారి పని పడింది. హనుమక్క సుద్దముక్కతో నేల మీద లెక్క వేసింది. నాలుగు నాజిళ్లు. ఇరవైని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్కటికి అయిదు పౌండ్లు. అయిదు పదిన్నరలు యాభై రెండున్నర. నిమిషానికి యాభై రెండున్నర సిసి.

పంపును బెంచికి ఎక్కించింది. బెంచి తిరుగుతుంటే నాలుగు గాజు గొట్టాల్లోకి నాలుగు నాజిళ్లు పోస్తాయి. నిమిషం కాగానే ఆపి, గొట్టాల మీది గీతలు చూడాలి. స్క్రూ తిప్పి, మళ్లీ పోయించి, మళ్లీ చూసి, మధ్యాహ్నానికి నాలుగు గొట్టాల్లోనూ నూనె యాభై రెండున్నర దగ్గర ఒకే గీతన నిలబడింది. ఇంజనుకు బిగించి నడిపితే మెత్తగా తిరిగింది. తీగ దూర్చి, గుండు నొక్కింది. 'హ' పడింది.

శుక్రవారం పొద్దున పార్కులో బండి పని మొదలయింది. గంటకల్లా హనుమక్క ఫోను మోగింది. భరత్‌కుమార్ గొంతు నీరసంగా ఉంది. "అక్కా, ఒక తూరి వచ్చి పోతావా?"

ఆమె ఆటోలో వెళ్లింది. దారికి రెండు పక్కలా ప్యానెళ్లు ఆకాశాన్ని మోస్తున్నట్టు వంగి ఉన్నాయి. దూరం నుంచే చూసింది. వరసల మధ్య అమెరికా కొంగ నడుస్తోంది, దాని తల మీంచి నల్లటి పొగ లేస్తోంది. గాలి పొగను వెనక్కు వంచుతోంది. బ్రష్షు ముందు ప్యానెళ్లను తళతళలాడిస్తోంది. ఆ వెనకే వాటి మీద సన్నటి మసి పొర దిగుతోంది.

చేతిబ్రష్షులతో కడిగే ఆడవాళ్లు పని ఆపి నవ్వుతున్నారు. వాళ్ల ముందున్నది మంజుశ్రీ. ఆ జట్టుకు ఆమే పెద్ద, నోరు కూడా పెద్దదే.

"రాక్కా రా. మీ బండి పనితనం చూసిపో. ముందర కడుగుతాది, వెనక కాటుక పెడతాది!"

"పెళ్లికూతుర్ని చేస్తా ఉండాది లేవే ప్యానెళ్లని" అంది ఇంకొకామె.

భరత్‌కుమార్ దిగి వచ్చాడు. ముఖం నిండా మసి. "అంగట్లో పొగ లేదు కదక్కా. బ్రష్షు తిప్పి బరువు పడేసరికి మొదలైంది."

సూపర్‌వైజరు గోపికృష్ణ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచివాడే, కానీ మాట అంటే మాటే. పంపు దగ్గరికి వంగి సీసపు గుండును చూశాడు. "హనుమక్కా, నీ సీలు ఉండాది కాబట్టి నేను ఏమీ ముట్టలేదు. సోమవారం పొద్దున మళ్లీ నడిపిద్దాం. అప్పుడూ పొగ వస్తే ఈ సీలు నేనే తెంపి, బండిని తుమకూరు పంపిస్తా. అదొక్కటే కాదు, పదకొండు బళ్లూ ఇంక ఆడికే. రెండు చోట్ల రెండు లెక్కలు నాకు కుదరవు."

"నా లెక్క తప్పు లేదప్పా" అంది హనుమక్క.

"లెక్క తప్పు లేదు, పొగ ఉండాది. రెండూ ఎట్ల కుదురుతాయి?"

ఆమె వంగి తన సీలును ఒకసారి చూసుకుని, బండిని దుకాణానికి తోలమని భరత్‌కుమార్‌కు చెప్పింది.

శనివారమంతా వెతికింది. నాజిళ్లు విప్పి వినింది. నాలుగూ గువ్వల్లా కూశాయి. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంది. పంపు బిగించిన గురుతులు సరిగానే ఉన్నాయి. గొట్టాల్లో మళ్లీ పోయించింది. యాభై రెండున్నర, నాలుగింట్లోనూ. ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరకకపోవడం ఆమెను తప్పుకంటే ఎక్కువ బాధించింది.

భరత్‌కుమార్ ఓపిక పట్టలేకపోయాడు. "అక్కా, స్క్రూ కొంచెం తగ్గించు. పొగ పోయేదాకా తిప్పి ఆపేస్తే సరిపోలేదా?"

"ఎంత తిప్పాల?"

"పొగ పోయేంత."

"చల్లటి పొద్దున ఒకటి అవుతాది, ఎండకి ఇంకొకటి అవుతాది. మరీ తగ్గిస్తే నీ కొంగ బ్రష్షు తిప్పలేక మూలుగుతాది. అందాజుగా తిప్పినదానికి నేను గుండు నొక్కితే, అది సీలు కాదప్పా. ఉత్త సీసం."

"అయితే గోడ తప్పంటావా?"

హనుమక్క గోడ వంక చూసి, వెంటనే కళ్లు తిప్పుకుంది. మేస్త్రి రాసిన అంకెను అనుమానించడం, ఆయన లేనప్పుడు ఆయన కుర్చీలో కూర్చోవడంలా అనిపించింది. కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఆమె ఏనాడూ దాన్లో కూర్చోలేదు.

ఆదివారం బస్టాండులో రంగక్క బొరుగుల, అంటే మరమరాల, బుట్ట దగ్గర ఆగింది. ఇంట్లో భర్త ధనంజయకు సాయంత్రం బొరుగులతో చేసే ఉగ్గాని కావాలి. ప్రైవేటు బస్సు నడిపే ధనంజయ ఆదివారం ఒక్కపూట ఇంట్లో ఉంటాడు, ఉన్న పూట అడిగేది అదొక్కటే. రంగక్క ఇనుప సేరుతో బొరుగులు కొలిచి పోస్తోంది. అప్పుడే బస్సు దిగిన ఒక కుర్రాడు, కొత్త చొక్కా, భుజాన సంచి, ముందుకు వచ్చాడు.

"అవ్వా, అర కిలో బొరుగులు ఇయ్యి."

రంగక్క సేరును ఒళ్లో పెట్టుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏ ఊరప్పా నీది?"

"బెంగళూరు."

"అనుకుంటి. అర కిలో బొరుగులు ఎత్తుకోడానికి ఎద్దులబండి తెచ్చినావా? బొరుగులు ఎవరైనా తూకమేస్తారా? ఈ సేరుకి రాగులు పోస్తే కిలో తూగుతాది. బొరుగులు పోస్తే గుప్పెడు బరువు కూడా ఉండదు. సేరు అదే సామీ! లోపల పోసేది వేరే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కుర్రాడూ నవ్వి, రెండు సేర్లు పోయించుకున్నాడు. హనుమక్క మాత్రం సంచి పట్టుకుని అలాగే నిలబడింది.

"నీకేందే, నువ్వూ కిలోల్లో కావాలంటావా?" అంది రంగక్క.

"అత్తా" అంది హనుమక్క మెల్లగా. "పౌండు తూకం. సిసి కొలత."

"ఏం సీసా?"

"సేరు అదే, లోపల పోసేది వేరే. ఏం పోస్తే పదిన్నర అని నేను అడగనే లేదు." బొరుగులు తీసుకోకుండానే వెనక్కు తిరిగింది. రెండడుగులు వేసి మళ్లీ వచ్చింది. "నీ సేరు ఒక పూట ఇస్తావా అత్తా?"

"సేరు ఇస్తే నేను దేంతో కొలవాల? నీ నోటితోనా?"

సేరు దొరకలేదు. దుకాణంలోని గీతలున్న లీటరు కొలగాజు తీసుకుని, దాన్లో డీజిల్ పట్టి, పక్క వీధిలో ఈరయ్య కిరాణా అంగడికి వెళ్లింది. ఈరయ్య కొత్త ఎలక్ట్రానిక్ తక్కెడను దేవుడిలా చూసుకుంటాడు.

"హనుమక్కా! అది నా కందిబేడలు తూచే తక్కెడ! కంపు కొడతాది!"

"కింద కాగితం పెడతాలే."

"కాగితమా? నా గల్లా మీద నూనె పడితే?"

"పడితే నీ మొపెడ్ నాజిల్ ఊరికే చూస్తా."

"నా మొపెడ్‌కి నాజిలే లేదు!"

"అయితే నీకేం భయం?" అంటూ ఆమె ప్లాస్టిక్ సంచి పరిచి, ముందు ఖాళీ కొలగాజును, తర్వాత నిండుదాన్ని పెట్టింది. తేడా ఎనిమిది వందల ముప్పై ఎనిమిది గ్రాములు. డీజిల్ లీటరు కిలో తూగడం లేదు. ఆమె ఈరయ్య పెన్సిలు తీసుకుని పప్పు పొట్లాల కాగితం మీద రాసింది.

అక్కడినుంచి ఇంటికి వెళ్లింది. ధనంజయ బైకు ఇంటి ముందు ఉంది. పైపు పెట్టి దాన్లోంచి లీటరు పెట్రోలు తీస్తుంటే అతను బయటికి వచ్చాడు.

"బొరుగులు తెమ్మంటే పెట్రోలు దొంగతనం చేస్తావేందే?"

"తూకమేసి మళ్లీ పోస్తా."

"పెట్రోలు తూకమా? ఉగ్గానిలోకా?"

ఈరయ్య రెండోసారి ఆమెను చూసి తక్కెడను రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. అయినా తూచింది. ఏడు వందల ఇరవై ఒకటి.

దుకాణం తెరిచి నేల మీద కూర్చుని సుద్దముక్క పట్టింది. పౌండంటే నాలుగు వందల యాభై నాలుగు గ్రాములు. అంత బరువు డీజిల్ కావాలంటే అయిదు వందల నలభై సిసి, చిల్లర. గంటకు అరవై నిమిషాలు. నిమిషానికి తొమ్మిది. తర్వాత పెట్రోలుకు వేసింది. ఆరు వందల ముప్పై సిసి. అరవైతో భాగిస్తే పదిన్నర.

పదిన్నర. సుద్దముక్క ఆగింది.

గోడ అబద్ధం చెప్పలేదు. పెట్రోలు గురించి చెప్పింది. ఆమె డీజిల్‌కు వాడింది. తేలికైన నూనె లెక్కన బరువైన నూనె పోయించింది. ఇంజనుకు పెట్టవలసినదానికంటే ఎక్కువ పెట్టింది. అది అరగక నల్లగా కక్కింది. అయిదు తొమ్మిదులు నలభై అయిదు. యాభై రెండున్నర కాదు.

లెక్క తేలింది కానీ ఇంకొకటి మిగిలింది. అన్నీ తెలిసిన మేస్త్రి ఏ నూనెకో రాయకుండా అంకె ఒక్కటే ఎందుకు రాశాడు? హిందూపురం ఫోను చేసింది. ఆయనకు చెవులు కొంచెం మందం. ఆమె అరిచి చెప్పింది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

"పదిన్నర పెట్రోలుకే పాపా! కార్లకి వాడేది! కింద రాసినా కదా!"

"కింద ఏమీ లేదు మేస్త్రీ!"

"నేను రాయకుండా ఎట్ల ఉంటా? కింద చూడు!"

"కింద కుంకుమ ఉండాది!"

ఫోనులో దగ్గులాంటి నవ్వు వినిపించింది. "నా అక్షరాలకి బొట్టు పెట్టి ముసుగు వేసినావా?"

అదే సమయానికి భరత్‌కుమార్ ఏమయిందో కనుక్కోవడానికి వచ్చాడు. వెంట మంజుశ్రీ కూడా వచ్చింది. పావగడ సంతకు వచ్చానని చెప్పింది కానీ, వింత చూడడానికే వచ్చినట్టు ముఖం చెబుతోంది. హనుమక్క ఇద్దరికీ జరిగింది చెప్పి, పాత గుడ్డ తడిపి గోడ ముందు కూర్చుంది. గుడ్డ ఎత్తింది. ఎత్తి, అలాగే పట్టుకుంది.

"ఇరవై ఏళ్ల పూజ" అంది.

"జరుగక్కా" అంది మంజుశ్రీ. "నువ్వట్ల గుడ్డతో రుద్దితే పెయింటు కూడా పోతాది. గీత పడకుండా కడిగే పని నాది. లక్షల ప్యానెళ్లు కడిగినా, ఒక్కదాని మీద గీత లేదు. ఏమప్పా భరత్, బండిలో నా మెత్త బ్రష్షు ఉండాది, తీసుకురా."

ముందు గోడకు దండం పెట్టింది. హనుమక్క, భరత్‌కుమార్ కూడా పెట్టారు. తర్వాత నీళ్లు పై నుంచి కిందికి వదిలి, బ్రష్షును ఒకే దిక్కుకు నడిపింది, పార్కులో నడిపినట్టే. ఎరుపు కరిగి కిందికి జారింది. గంధం వాసన లేచింది. ఒక్కొక్క ఏడూ ఒక్కొక్క పొరగా దిగిపోతుంటే ముగ్గురూ వంగి చూశారు. ముందు ఒక గీత కనిపించింది. ఆ గీత కింద, మొదటి బొట్టు పెట్టిన నాడే నూనె జిడ్డులో కనపడకుండా పోయినంత చిన్న అక్షరాలు. ఆదినారాయణప్ప వంకర రాత.

ఇది పెట్రోలుకు మాత్రమే. వేరే నూనె అయితే తూచి చూసుకోవలెను.

"తూచి చూసుకోవలెనంట" అంది మంజుశ్రీ. "చెప్పినాడు కదక్కా మీ మేస్త్రి."

హనుమక్క నవ్వింది. మొదట మెల్లగా, తర్వాత కళ్ల నీళ్లు తిరిగేలా. "చెప్పినాడు. నేనే దండం పెట్టి మూసేస్తి."

ఆమె బండి దగ్గరికి వెళ్లింది. పటకారు తీసింది. తప్పు సరిచేయడానికి తన సీలును తనే తెంపడం అదే మొదటిసారి. తెగిన సీసపు గుండును అరచేతిలో పెట్టుకుని చూసి, పారేయకుండా చీర కొంగున కట్టుకుంది. పంపును విప్పి మళ్లీ బెంచికి ఎక్కించింది. భరత్‌కుమార్ గొట్టాల ముందు కూర్చుని గీతలు చదివాడు. యాభై. నలభై ఏడు. నలభై అయిదున్నర. పొద్దు వాలేసరికి నాలుగు గొట్టాల్లోనూ నూనె నలభై అయిదు దగ్గర ఆగింది. కొత్త తీగ, కొత్త గుండు.

ఇంటికి వెళ్లేసరికి ధనంజయ గడప మీద కూర్చుని ఉన్నాడు. "నా పెట్రోలు?"

"ఇదిగో."

"నా బొరుగులు?"

ఆమె నాలుక కరుచుకుంది. ఆ ఆదివారం ధనంజయ ఉగ్గాని లేకుండా రాగిముద్ద తిన్నాడు. ఆ సంగతిని బస్సులో ఎక్కిన ప్రతివాడికీ వారం పాటు చెప్పాడు.

సోమవారం పొద్దున పార్కులో అందరూ బండి చుట్టూ నిలబడ్డారు. భరత్‌కుమార్ ఇంజను వేశాడు. కొంగ మెడ చాచింది. బ్రష్షు ప్యానెలు మీద వాలి తిరగడం మొదలుపెట్టింది. బరువు పడింది. ఇంజను గొంతు ఒక మెట్టు దిగి, అక్కడే గట్టిగా నిలబడింది. హనుమక్క కళ్లు పొగగొట్టం మీద లేవు. కళ్లు మూసుకుని వింటోంది.

బండి వరస చివరిదాకా వెళ్లి వచ్చింది. పొగగొట్టం మీద గాలి సన్నగా వణికింది, అంతే. గోపికృష్ణ జేబులోంచి తెల్ల రుమాలు తీసి, కడిగిన ప్యానెలును ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచాడు. రుమాలును తిప్పి అందరికీ చూపించాడు. తెల్లగానే ఉంది.

"ఏం మార్చినావు?" అని అడిగాడు.

"తప్పు నాదేనప్పా. పెట్రోలు లెక్క డీజిల్‌కి వేసినా. తూచి మళ్లీ కట్టినా. ఏడున్నర సిసి తగ్గింది."

గోపికృష్ణ వంగి కొత్త సీసపు గుండును చూశాడు. వేలితో ముట్టుకున్నాడు. "తప్పు ఎక్కడుండాదో నువ్వే చెప్తివి. ఇంకొకరైతే నాజిల్ మీదకి తోసేవాళ్లు. బళ్లు యాడికీ పోవు. పదకొండూ నీ దగ్గరికే."

"అయ్యో, కాటుక లేకపోతే ప్యానెళ్లకి కళ తగ్గిపోయింది సార్" అంది మంజుశ్రీ.

"నీ నోటికి సీలు వేయమంటావా హనుమక్కని?" అన్నాడు భరత్‌కుమార్.

"ఆ గుండు చాలదప్పా. బండెడు సీసం కావాల."

ఆ వారంలోనే హనుమక్క నల్ల పెయింటు, సన్న బ్రష్షు కొన్నది. చివరి వరుస కింద, మేస్త్రి హెచ్చరిక పక్కనే, తన చేతిరాతతో ఒక కొత్త వరుస దించింది. డీజిల్ అయితే, పౌండుకు తొమ్మిది. ఆమె అక్షరాలు మేస్త్రి అక్షరాల కంటే గుండ్రంగా వచ్చాయి. పాతికేళ్లలో ఆ గోడ మీద ఇంకొకరి చెయ్యి పడటం అదే మొదలు.

అక్టోబరులో ఆయుధపూజకు ఆదినారాయణప్ప కూతురి కారులో వచ్చాడు. కర్ర ఊతంతో నేరుగా గోడ దగ్గరికి నడిచి, ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి, రెండు వరుసలూ చదివాడు.

"తొమ్మిది ఎవరు రాసినారు?"

"నేనే మేస్త్రీ. తప్పుంటే చెప్పు."

"తూచినావా?"

"ఈరయ్య తక్కెడలో."

ఆయన తల ఊపి, తన పాత కుర్చీ వైపు చూశాడు. దాన్లో కూర్చోలేదు. బల్ల మీద కూర్చుని, కుర్చీని కర్రతో ఆమె వైపు తోశాడు. హనుమక్క ఒక క్షణం ఆగి, కూర్చుంది. కూర్చున్న వెంటనే లేచింది, పూజకు ఆలస్యమవుతోందని. అయినా కూర్చోవడం కూర్చుంది.

బెంచికి బొట్టు పెట్టింది. పంపులకు, పానాలకు, పటకారుకు, లీటరు కొలగాజుకు పెట్టింది. పటకారు పక్కన, చీర కొంగున కట్టి తెచ్చిన ఆ తెగిన సీసపు గుండు ఉంది. దానికీ పెట్టింది. పొద్దున్నే బతిమాలి తెచ్చుకున్న రంగక్క ఇనుప సేరుకు అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది. గంధం గిన్నె పట్టుకుని గోడ ముందుకు వచ్చి ఆగింది.

"గోడకి పెట్టవా?" అన్నాడు ఆదినారాయణప్ప.

"పెడతా." ఆమె చెయ్యి పైకి చాచి, పట్టీకి పైన, ఖాళీ సున్నం మీద, కప్పు రేకులకు జానెడు కింద ఒకే ఒక్క బొట్టు పెట్టింది.

వాకిట్లోంచి రంగక్క కేక వేసింది. "నా సేరు ఏమైందే? పండగ పూట బొరుగులు దోసిళ్లతో పోస్తా ఉండా!"

"ఇప్పుడే ఇస్తా అత్తా. ఒక సేరు మేస్త్రికి పోసి తెస్తా" అంది హనుమక్క. బొరుగులు, బెల్లం, శెనక్కాయ పప్పులు కలిపి సేరు నిండా పోసి, పైన కుప్పగా తలకట్టు పెట్టి, ఆయన తువ్వాలులో కుమ్మరించింది.

ఆయన తువ్వాలును మూటగా పట్టుకుని, చేతిలో ఎగరేసి చూశాడు.

"బరువే లేదే" అన్నాడు.

"సేరు నిండా పోసినా మేస్త్రీ" అంది హనుమక్క.